శాలిహుండం కొండకి టికెట్టు లేదు

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడి ఆల్బమ్‌లోనూ ఒక ఫొటో ఖాయం. అమెరికా వెళ్ళినవాడైతే వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ ముందు, లండన్ వెళ్ళినవాడైతే బ్రిటిష్ మ్యూజియం స్తంభాల ముందు. దాంతోపాటు ఒక డైలాగు కూడా ఫ్రీ: "ఎంట్రీకి పైసా తీసుకోరు బాసూ, రోజంతా తిరిగినా అవ్వదు". తప్పేమీ లేదు. ఆర్నెల్ల ప్రాజెక్టు మీద లండన్‌లో ఉన్నప్పుడు నేనూ నాలుగు శనివారాలు అక్కడే గడిపాను. బయట కాఫీ తాగాలంటే పౌండ్లని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే రోజుల్లో, చలిలో వెచ్చగా తిరగడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

అక్కడ 33ఎ అని ఒక గది ఉంది. గదినిండా అమరావతి పాలరాళ్ళు. సర్ వాల్టర్ ఇలియట్ అనే ఆయన, మన ఉత్తర సర్కారు జిల్లాలకి కమిషనర్‌గా కూడా పనిచేసినాయన, 1845లో అమరావతి దిబ్బ తవ్వించాడు. ఆ రాళ్ళు ముందు మద్రాసు చేరాయి. 1859లో లండన్ ఓడ ఎక్కాయి. ఆ గదిలో నాతో ఉన్న కొలీగ్, మనవాడే, శ్రీకాకుళం టౌన్‌లో పుట్టి పెరిగినవాడు, తెగ ఆవేశపడిపోయాడు. "మనవి ఎత్తుకొచ్చేసి మనకే చూపిస్తున్నారు" అన్నాడు. నిజమే. సరే గానీ బావా, మీ ఇంటి నుంచి శాలిహుండం పద్దెనిమిది కిలోమీటర్లు కదా, ఎన్నిసార్లు వెళ్ళావు అని అడిగా. "అదెక్కడ, ఆమదాలవలస దగ్గరా?" అన్నాడు.

వాణ్ణి ఏడిపించడానికి చెప్పట్లేదు ఇది. (సరే, కొంచెం ఏడిపించడానికే :-) ) ఎత్తుకుపోయిన వాటి మీద మనకున్న కోపంలో పదో వంతు కూడా మిగిలిపోయిన వాటి మీద ప్రేమగా ఎందుకు మారదు అన్నది నాకున్న ప్రశ్న.

శాలిహుండం సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార నదికి దక్షిణపు ఒడ్డున ఒక కొండ. నది ఇంకాస్త ముందుకెళ్ళి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ మీద ఇటుకల స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు. క్రీస్తుకి ముందు మొదలై ఇంచుమించు వెయ్యేళ్ళకి పైగా ఇక్కడ మనుషులు ఉన్నారు. హీనయానం, మహాయానం, ఆ తరవాత వజ్రయానం... బౌద్ధం ఎన్ని వెర్షన్లు మారిందో అన్నీ ఈ ఒక్క కొండ మీదే ఇన్‌స్టాల్ అయ్యాయన్నమాట. తవ్వకాల్లో దొరికిన శిల్పాల్లో కొన్నిటిని అక్కడే గదుల్లో పెట్టారు. టికెట్టు లేదు, క్యూ లేదు, ఆన్‌లైన్ బుకింగ్ అసలే లేదు. చెప్పులు బయట విప్పక్కర్లేదు కూడా.

పేరు మీద ఒక తమాషా ఉంది. పాతరోజుల్లో దీన్ని శాలివాటిక అనేవారని ఒక మాట. శాలి అంటే వరి, అంటే ధాన్యం కొట్టులాంటి అర్థం. కాదు, శల్యపేటిక అని ఇంకో మాట, అంటే ఎముకల పెట్టె! స్తూపంలో ధాతువులు పెట్టే బౌద్ధ క్షేత్రానికి రెండోది సరిగ్గా సరిపోతుంది. వంశధార ఆయకట్టులో ఉన్న ఊరికి మొదటిది సరిపోతుంది. ఏది నిజమో పండితులు తేల్చుకుంటారు గానీ, ఒకే పేరులో అన్నం, అస్థికలు రెండూ ఉండటం నాకైతే భలే నచ్చింది.

మా అమ్మమ్మగారి ఊరు ఆ పక్కనే. పోయిన సంక్రాంతికి మా మేనకోడల్ని తీసుకెళ్ళాను, తొమ్మిదో తరగతి. దారిలో దాని గొడవ అంతా ఒకటే, "మన జిల్లాలో ఏటుంది మావయ్యా చూడ్డానికి, వైజాగ్ ఎల్దుమా సబ్‌మెరైన్‌కి" అని. పైకెక్కాక చక్రం ఆకారంలో పేర్చిన ఇటుకల స్తూపం దగ్గర ఆగింది. మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు, బయట పట్టా, బండిచక్రాన్ని నేల మీద పడుకోబెట్టినట్టు. "ఇదెందుకిలా కట్టినారు?" అంది. ధర్మచక్రం అని చెప్పాను. దానికి సరిపోలేదు. "అది సరే. మట్టి నింపినపుడు గోడలు బయటికి ఉబ్బిపోకుండా అడ్డగోడలేమో?" అంది. నేను ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివి ఈ ప్రశ్న అడగలేదు! నిజంగానే ఆంధ్రదేశపు స్తూపాల్లో ఈ చక్రం ప్లానుకి నిర్మాణపరమైన ఉపయోగం కూడా ఉందని చెప్పేవాళ్ళున్నారు. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపితే ఇటుక ఖర్చు తగ్గుతుంది, కట్టడం గట్టిగా నిలుస్తుంది. చరిత్ర, కళ, సైన్సు అని మనం మూడు సబ్జెక్టులుగా కోసేసినవి ఆ స్తూపం పునాదిలో ఒకటే.

తరవాత మారీచి. శాలిహుండంలో దొరికిన శిల్పాల్లో తార, మారీచి పేరున్నవి. మరీచి అంటే కిరణం. మారీచి బౌద్ధుల ఉషోదేవత. ఆవిడ రథాన్ని లాగేవి ఏమిటో తెలుసా? పందులు. బౌద్ధ గ్రంథాల్లో అలాగే చెప్తారు, ఏడు పందులు. ఇక్కణ్ణించి అరసవల్లి ఎంత దూరం? శ్రీకాకుళం టౌన్‌కి ఆనుకునే ఉంది. అక్కడ సూర్యనారాయణమూర్తి, ఏడు గుర్రాలు. అంటే ఒక చిన్న జిల్లాలో, ఆటో దూరంలో, సూర్యుడి వెలుగుని ఒకళ్ళు గుర్రాలకి కట్టారు, ఒకళ్ళు పందులకి కట్టారు. రథసప్తమికి లక్షలమంది గుర్రాల వైపు వెళ్తారు. పందుల వైపు ఎవరూ రారు పాపం.

ఇక తార. ఆవిడ భక్తుల్ని ఎనిమిది మహాభయాల నుంచి కాపాడుతుందని నమ్మకం. అందులో నీటి భయం ఒకటి, ఓడ మునిగిపోతుందన్న భయం. కళింగపట్నం రేవు పక్కనే ఉన్న కొండ మీద ఆవిడ ఎందుకు ఉందో దీన్నిబట్టి నేను ఊహించుకున్నాను. ఇది నా ఊహే సుమా, శాసనం కాదు. కొండ మీంచి చూస్తే వంశధార ఇసుక మేటలు వేసుకుంటూ వెళ్ళిపోతుంటుంది. ఓడ ఎక్కబోయేవాడు ముందు ఇక్కడికొచ్చి ఒక దండం పెట్టుకుని ఉంటాడు అనుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం. ఇవన్నీ అక్కడ ఎవరు చెప్తారు?

మన భాషలో చెప్పాలంటే, సోర్సు కోడ్ మొత్తం ఫ్రీగా పెట్టి రీడ్‌మీ ఫైలు రాయకపోతే ఏమవుతుంది? ఎవడూ వాడడు. లైసెన్సు ఎంత ఉదారంగా ఉంటే ఏం లాభం. మ్యూజియం ఫ్రీ అయినంత మాత్రాన అందరిదీ అయిపోదు. ఈమధ్య ఒక చిన్న మ్యూజియంకి వెళ్ళాను. ఎక్కడ అని అడక్కండి, ఈ మూడు జిల్లాల్లోది కాదు. ఒక విగ్రహం కింద కార్డు మీద "స్త్రీ దేవత, రాయి" అని ఉంది. అంతే! రాయి అని నాకు కనబడుతూనే ఉంది స్వామీ. పక్కదాని కింద ఇంగ్లీషులో మూడు లైన్లు, అందులో శిల్పశాస్త్రం చదివినవాడికి తప్ప అర్థంకాని నాలుగు మాటలు. ఆ ఊరి ముసలమ్మ ఒకావిడ నాతోపాటే లోపలికొచ్చింది. విగ్రహాలకి వరసగా దండం పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ దేవత పేరు చెప్పే కార్డు అయినా లేదు.

"ఫ్రీగా ఇస్తే జనానికి విలువ తెలీదు, ఇరవై రూపాయలు టికెట్టు పెడితే చెత్త జనం రారు" అని మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఒక వాదన వస్తుంది. పైగా ఇది చెప్పేవాళ్ళు ఓపెన్ సోర్సు మీద బతికేవాళ్ళే. రాళ్ళ మీద పేర్లు చెక్కే ప్రేమికుల గురించి కదా వాళ్ళ బాధ. టికెట్టున్న కోటల గోడలు చూడండి, హార్టు బొమ్మలకి కొదవేమైనా ఉందా? ఇరవై రూపాయలు పెట్టి కొన్నవాడికి గీకే హక్కు కూడా కొన్నట్టు అనిపిస్తుందేమో. ఇరవై రూపాయలు మనకి లెక్క కాదు. అయిదుగురున్న కూలి కుటుంబానికి నూరు రూపాయలు. అంతకన్నా పెద్ద అడ్డు ఆ కౌంటరే. కౌంటరు, దాని వెనక ఒక ఉద్యోగి, "ఏం కావాలి?" అన్న చూపు. ఆ చూపు దాటుకుని లోపలికి వెళ్ళడం మా ఊళ్ళో చాలామందికి రాదు.

బ్రిటిష్ మ్యూజియం చరిత్రే దీనికి సాక్ష్యం. 1759లో తెరిచినప్పుడే ఫ్రీ. కానీ మొదట్లో లోపలికి వెళ్ళాలంటే ముందుగా అర్జీ పెట్టుకుని టికెట్టు సంపాదించుకోవాలి, డబ్బులు కట్టక్కర్లేదు అంతే. అర్జీ రాయడం వచ్చినవాడు, ఆగగలిగిన తీరిక ఉన్నవాడు వెళ్ళాడు. మామూలువాడు వెళ్ళలేదు. ఆ అర్జీల బాధ పోయాక గానీ జనం రాలేదు. అదే దేశంలో టికెట్టు పెట్టుకున్న మిగతా జాతీయ మ్యూజియాలు 2001 డిసెంబరులో ఫ్రీ చేశాక వాటికి వచ్చేవాళ్ళు బాగా పెరిగారు. కాబట్టి డబ్బుల అడ్డు ఒకటి, మర్యాదల అడ్డు ఒకటి, భాష అడ్డు ఒకటి. మొదటిది మనదగ్గర కొన్నిచోట్ల ఎప్పుడో తీసేశారు. మూడోది తీయడానికి మనకి చేతులు రావట్లేదు.

భాష అంటే గుర్తొచ్చింది. శాలిహుండం దిబ్బని 1919లో లోకం దృష్టికి తెచ్చింది ఎవరనుకున్నారు? గిడుగు వెంకట రామమూర్తి గారు. అవును, ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం అని స్టేటస్‌లు పెట్టుకునే ఆ గిడుగే. పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, స్వయంగా శాసనాల లిపి నేర్చుకుని ముఖలింగం గోడల మీద రాతలు చదివాడు. తూర్పు గంగ రాజుల రాజధాని కళింగనగరం అంటే ఈ ముఖలింగమే అని వాదించింది కూడా ఆయనే. ఆ గంగ వంశంవాళ్ళే తరవాత ఉత్తరానికి జరిగి పూరీ జగన్నాథాలయం, కోణార్క కట్టారు. కోణార్క చూడ్డానికి భువనేశ్వర్ దాకా రైలెక్కే మనవాళ్ళు, ఆ రాజులు బయల్దేరిన ఊరు దాటుకునే వెళ్తారు, కిటికీలోంచి జీడిపప్పు కొనుక్కుంటూ.

ఆయన స్నేహితుడు గురజాడ కూడా విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడిగా ఉద్యోగం చేశాడు. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వాడుక భాష కోసం కొట్లాడిన ఇద్దరూ పాత రాళ్ళు, రాగిరేకులు చదివినవాళ్ళు. ఏ కాలంలో రాయి మీద అక్షరం చెక్కినా, అది అప్పటి జనం చదువుకోవాలనే కదా అని వాళ్ళకి తెలిసి ఉంటుంది. మరి ఈ ఇద్దరి జిల్లాల్లో పెట్టే బోర్డు మీద భాష ఎలా ఉండాలి? "ఈ శిల్పము నందు దేవి లలితాసనమున ఆసీనురాలై యున్నది" అనా? "ఈ అమ్మ ఒక కాలు మడిచి, ఒకటి కిందకి వేలాడేసి కూచుంది చూడండి" అనా?

సైన్సు సంగతి చెప్పలేదు కదూ. మ్యూజియం అంటే విగ్రహాలే అనుకుంటాం, ఇది మన బుర్రలకి పట్టిన ఇంకో తుప్పు. విజయనగరం జిల్లాలో గరివిడి దగ్గర కోడూరు అని ఊరుంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అక్కడే, 1892లో. అక్కడ దొరికిన ఒక వింత రాయికి ఫెర్మర్ అనే జియాలజిస్టు ఆ ఊరి పేరే పెట్టాడు, కోడురైట్ అని. మాంగనీసు గార్నెట్లుండే రాయి. ఎక్కడో యూరప్‌లో జియాలజీ చదివే కుర్రాడి పుస్తకంలో కోడూరు పేరు ఉంది, కోడూరు కుర్రాడి పుస్తకంలో లేదు. తూర్పు కనుమల్లో మనం రోజూ చూసే ఎర్రటి రాతికొండల రాయి పేరు ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిందే. కోణార్క కట్టింది ప్రధానంగా ఆ రాయితోనే.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పనసచెట్టు దుంగ ఒక్కటి తీసుకుని కుండ, దండి అన్నీ అందులోంచే తొలిచేస్తే అది ఏకాండి వీణ. 2011లో దానికి జిఐ గుర్తింపు కూడా వచ్చింది. పనసకర్రే ఎందుకు, అతుకు లేకపోతే నాదం ఎలా మారుతుంది, మెట్లు మైనంలో ఎందుకు కూర్చోబెడతారు? ఇది ఫిజిక్సా, సంగీతమా, వడ్రంగమా? ఒక వీణని సగానికి కోసి లోపల ఎంత పల్చగా తొలుస్తారో చూపించి, పక్కన ఒక తీగ బిగించి పిల్లల్ని మీటమంటే చాలు. అయిదారు లెసన్లు అక్కడే అయిపోతాయి. కోట్లు అక్కర్లేదు దీనికి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. అన్నిటినీ పోగేసి ఒక పెద్ద ఏసీ బిల్డింగులో పెట్టండి అని నేను అనను. మారీచిని కొండ దింపేస్తే వంశధార లేని మారీచి అవుతుంది, 33ఎ గదికి ఇంకో బ్రాంచి పెట్టినట్టు. ఎక్కడివి అక్కడే ఉండాలి, ఫ్రీగానే ఉండాలి. వాటిని కలిపే కథ మాత్రం ఒకచోట, మన మాటలో, పిల్లలకి దొరకాలి. శాలిహుండం చూసినవాడికి రామతీర్థం గురుభక్తుల కొండ గురించి, అక్కణ్ణించి కోడూరు రాయి గురించి, దన్నానపేట రాకాసి బండ గురించి తెలియాలి. లింకులు లేని పేజీలు ఎన్ని ఉంటే ఏం లాభం చెప్పండి.

ఇది గవర్నమెంటు చెయ్యాలి కదా అంటారు. చెయ్యాలి. జీతాలు, కాపలా, కప్పు కారకుండా చూడ్డం వాళ్ళ పనే, అది మన చందాలతో అయ్యేది కాదు, అవకూడదు కూడా. కానీ రీడ్‌మీ రాయడానికి టెండరు పిలవక్కర్లేదు. తెలుగు వికీపీడియాలో మన మండలం గురించి రెండు పేరాలు రాయడానికి, మంచి ఫొటో ఒకటి కామన్స్‌లో పెట్టడానికి ఒక ఆదివారం చాలు. 1964లో ఆర్. సుబ్రహ్మణ్యం గారు శాలిహుండం తవ్వకాల మీద పుస్తకం అచ్చువేశారు. అందులో ఉన్నది తొమ్మిదో తరగతి పిల్లకి అర్థమయ్యేలా పది నిమిషాల ఆడియోగా, మన యాసలోనే, చదివి పెడితే ఏం పోతుంది? సినిమాల్లో కమెడియన్లకి తప్ప పనికిరాదనుకునే యాసలో చరిత్ర చెప్తే ఎలా ఉంటుందో వినాలని నాకు భలే కోరిక. "ఇదిగో ఈ అమ్మ పేరు తార. ఓడెక్కినోళ్ళకి నీళ్ళ భయం నేకుండా సూసీది" అని మొదలుపెట్టామనుకోండి, ఎవరు ఆగకుండా పోతారు?

చిన్నప్పటి నుంచీ మా జిల్లా పేరు పక్కన "వెనుకబడిన" అన్న విశేషణం లేకుండా పేపర్లో చదివింది తక్కువ. వలస, కిడ్నీ జబ్బులు, తుఫాన్లు. అవన్నీ నిజాలే, ఎవరూ కల్పించలేదు. కానీ అవి మాత్రమే విని పెరిగిన పిల్లకి, ఊరు వదిలి వెళ్ళిపోవడం ఒక్కటే పని అని ఎక్కుతుంది. నాకు ఎక్కింది. మా మేనకోడలికి ఎక్కుతోంది. "మన జిల్లాలో ఏటుంది" అన్న దాని ప్రశ్న వైజాగ్ వెళ్ళడం కోసం వేసిన ఎత్తు మాత్రమే కాదు. మ్యూజియం వచ్చేస్తే వలసలు ఆగిపోతాయని చెప్పేంత అమాయకుణ్ణి కాను. వెళ్ళేవాళ్ళు వెళ్తారు. ఎక్కణ్ణించి వెళ్తున్నారో తెలిసి వెళ్ళడం వేరు అంటున్నాను, అంతే.

కొండ దిగేటప్పుడు అది మళ్ళీ ఆ చక్రం దగ్గరకే వెళ్ళి ఆకులు లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలొచ్చాయి, కొన్ని ఇటుకలు పోయాయి కదా. ఫొటో తీసుకుంది, మాస్టారికి చూపిస్తానంది. సబ్‌మెరైన్ కూడా చూపించాల్సిందే అని మాట తీసుకుంది లెండి, అది వేరే ఖర్చు.

ఈసారి ఇంటికెళ్తే మీరూ ఒక పూట పెట్టుకోండి. ఎండాకాలం వద్దు, కొండ మీద నీడ తక్కువ. పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళ సీసా మీదే. గదులకి తాళం వేసి ఉంటే కాపలా మనిషిని అడగండి, "బాబూ, అమ్మోర్ల బొమ్మలు చూద్దామని వచ్చాం" అని. ఇంగ్లీషులో మాత్రం అడక్కండి. అక్కణ్ణించి కళింగపట్నం దగ్గరే, లైట్‌హౌసు ఉంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అరసవల్లిలో ఆగి గుర్రాలు ఎన్నో లెక్కపెట్టుకోండి.